సీమలో ఒక పలకరింపు

ఉద్దేశం

విదేశాలలో స్థిరపడిన పిల్లలను, చిన్ననాటి స్నేహితులను చూడడానికి తెలుగు పెద్దలు సాగించే ప్రయాణాలు నేటి కుటుంబజీవనంలో ఒక భాగమయ్యాయి. అటువంటి ఒక ప్రయాణాన్ని ఆధారం చేసుకొని, మాతృభాషకూ మానవసంబంధాలకూ గల ముడిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

ఒకప్పుడు తెలుగువారు ఇంగ్లండును ‘సీమ’ అనేవారు. అక్కడి నుంచి వచ్చిన మనిషి సీమదొర. అక్కడి నుంచి దిగిన సరుకు సీమసరుకు. ఆ మాటలోనే ఎంతో దూరం, కొంత భయం, మరికొంత ఆశ్చర్యం కలిసి ఉండేవి. సముద్రం దాటితే కులం చెడుతుందనే నమ్మకం బలంగా ఉన్న రోజులవి. 1888 సెప్టెంబరు 4న మోహన్‌దాస్ గాంధీ న్యాయశాస్త్రం చదవడానికి బొంబాయిలో ఓడ ఎక్కినప్పుడు ఆయన కులపెద్దలు ఆయనను వెలివేశారు. 1914 మార్చి 17న మద్రాసులో బయలుదేరిన గణితమేధావి శ్రీనివాస రామానుజన్ ఏప్రిల్ 14న లండను చేరారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకొని దారి ఎంతో దగ్గరైన తరువాత కూడా ఆ ప్రయాణానికి నాలుగు వారాలు పట్టింది. ఈనాడు హైదరాబాదులో విమానం ఎక్కిన వ్యక్తి సుమారు పది గంటలలో లండనులో దిగుతున్నాడు.

దూరం తగ్గినట్లే ప్రయాణ ప్రయోజనమూ మారింది. ఆనాడు చదువు కోసం యువకులు వెళ్ళేవారు. ఈనాడు అక్కడే ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడిన కొడుకులను, కూతుళ్ళను, మనుమలను చూసుకోవడానికి వృద్ధులు వెళుతున్నారు. జీవితమంతా సొంత ఊరి పొలిమేర పెద్దగా దాటని వారు కూడా డెబ్బయ్యో ఏట సముద్రాలు దాటుతున్నారు. 2023 వేసవిలో తెనాలి ప్రాంతపు పల్లె నుంచి బయలుదేరిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఆయన భార్య అటువంటివారే.

వారి ఏకైక కుమారుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో వైద్యుడు. ఆ దేశంలో ప్రజలందరికీ ప్రభుత్వమే వైద్యసేవలు అందించే జాతీయ ఆరోగ్య వ్యవస్థ 1948 జూలై 5న ఏర్పడింది. అందుకు కావలసినంతమంది వైద్యులు స్వదేశంలో లేకపోవడంతో, తొలి దశాబ్దాల నుంచీ భారత ఉపఖండపు వైద్యులు అక్కడి ఆసుపత్రులకు ఆధారంగా నిలిచారు. ఆ తరానికి చెందినవాడే మాస్టారి బాల్యమిత్రుడు. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టి, ఒకే బడిలో చదివారు. ఒకరు తెలుగు పండితుడయ్యారు. మరొకరు గుంటూరులో వైద్యవిద్య పూర్తిచేసి 1979లో ఇంగ్లండు వెళ్ళారు. లాంకషైర్ ప్రాంతంలోని బ్లాక్‌బర్న్ పట్టణంలో కుటుంబవైద్యుడిగా స్థిరపడి, తనతో పనిచేసిన ఆంగ్లేయ నర్సును వివాహం చేసుకున్నారు. తొలి ఏళ్ళలో నెలకొక ఉత్తరం వచ్చేది. తరువాత అది సంవత్సరానికొకటి అయింది. తల్లి చనిపోయిన ఏడు ఆయన ఊరికి వచ్చి వెళ్ళారు. ఆ తరువాత రాకపోకలు ఆగిపోయాయి.

మాస్టారి దంపతుల ప్రయాణసన్నాహం మూడు నెలలు సాగింది. సందర్శకుల వీసా మీద ఇంగ్లండులో ఒక విడతకు సాధారణంగా ఆరు నెలలు మించి ఉండరాదు, ఉద్యోగం చేయరాదు. తిరిగి వస్తామని నమ్మించడానికి పింఛను పత్రాలు, పొలం పాసుపుస్తకం, బ్యాంకు లెక్కలు జతపరచవలసి వచ్చింది. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాదు వెళ్ళినప్పుడు, నలభై ఏళ్ళు సుద్దముక్క పట్టిన మాస్టారి వేళ్ళ గీతలు యంత్రానికి ఒక పట్టాన అందలేదు. నాలుగోసారికి గాని ముద్ర పడలేదు. పెట్టె సర్దేటప్పుడు ఆయన భార్యకు మరో చిక్కు ఎదురైంది. మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు ఆ దేశంలోకి తీసుకుపోకూడదని నియమం. మనుమడి కోసం కాచి ఉంచిన నెయ్యి సీసాను ఆమె తిరిగి అటకమీద పెట్టి, చెక్కలు, నువ్వులుండలు, గోంగూర పచ్చడి మాత్రమే సర్దారు.

జూన్ మూడవ వారంలో వారు బర్మింగ్‌హామ్ చేరారు. మొదట వారిని ఆశ్చర్యపరచింది అక్కడి పొద్దు. భూమధ్యరేఖకు పదహారు డిగ్రీల ఉత్తరాన ఉన్న తెనాలిలో వేసవిపగలుకూ శీతకాలపు పగలుకూ రెండు గంటలు కూడా తేడా ఉండదు. యాభైరెండు డిగ్రీలు దాటిన బర్మింగ్‌హామ్‌లో జూన్ నెల సూర్యుడు ఉదయం ఐదు గంటలకు ముందే ఉదయించి, రాత్రి తొమ్మిదిన్నర వరకు అస్తమించడు. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. భూమి తన అక్షం మీద వంగి తిరగడమే ఇందుకు కారణమని మాస్టారు ఎన్నోసార్లు చదివి ఉన్నారు. అయితే సందెదీపం వెలిగించడానికి రాత్రి తొమ్మిదిన్నర వరకు ఎదురుచూడవలసి వచ్చిన తన భార్యను చూసినప్పుడే ఆ సంగతి ఆయనకు నిజంగా బోధపడింది. రెండు రోజులు ఎదురుచూసి, మూడవనాడు ఆమె గడియారంలో తెనాలి వేళ లెక్కగట్టి, ఎండ మెండుగా ఉండగానే మధ్యాహ్నం రెండు గంటలకు దీపం పెట్టారు. “అక్కడ ఆరున్నరైంది. మన దేవుడికి మన సందె” అన్నారు. కొడుకు నవ్వాడు గాని కాదనలేదు.

ఆ ఇంట అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆదివారంనాడు దంపతులను కొడుకు దగ్గరలోని టివిడేల్‌కు తీసుకువెళ్ళి, 2006లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరాలయాన్ని చూపించాడు. కోడలు కొసరి వడ్డించేది. లోటు ఒక్కటే. పన్నెండేళ్ళ మనుమడికి తెలుగు అర్థమయ్యేది. కాని నోటి వెంట ఒక్క ముక్క వచ్చేది కాదు. “నాన్నా, అన్నం తిన్నావా?” అని నానమ్మ తెలుగులో అడిగేది. వాడు ఆంగ్లంలో జవాబు చెప్పేవాడు. ఆమెకు ఆ జవాబు అర్థమయ్యేది కాదు. వాడు తల ఊపిన తీరును బట్టి ఆమె గ్రహించుకునేది. ఒకనాడు మాస్టారు వాడిని దగ్గర కూర్చోబెట్టుకొని పద్యం చెప్పబోయారు. వాడు మర్యాదగా విన్నాడు. విని లేచి వెళ్ళిపోయాడు.

“నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ తెలుగు చెప్పాను. నా ఇంటి పిల్లవాడికి మాత్రం చెప్పలేకపోయాను” అని ఆ రాత్రి ఆయన భార్యతో అన్నారు.

“వాణ్ణి తప్పుపట్టకండి. వాడికి ఇక్కడ ఆ మాటతో పనేముంది?” అన్నారామె.

ఆ మాట కోపంతో అన్నది కాదు. అందువల్లనే మాస్టారు దానికి జవాబు చెప్పలేకపోయారు. పని లేని భాష ఏ నోటనూ నిలవదని ఆయనకూ తెలుసు.

జూలై మధ్యలో బ్లాక్‌బర్న్ నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మిత్రుడు కాదు, ఆయన భార్య. కోడలు ఆ మాటలను తెలుగులో చెప్పింది. డాక్టరుగారికి మూడేళ్ళుగా మతిమరపు వ్యాధి ముదురుతున్నది. మొదట ఇటీవలి సంగతులు మరచారు. తరువాత మనుషుల పేర్లు మరచారు. గత సంవత్సరం నుంచి ఆంగ్లం ఆయన నోట సన్నగిల్లిపోయింది. ఇప్పుడు ఏదో మాట్లాడతారు. అది తెలుగే అయి ఉంటుంది. నలభైమూడేళ్ళు కలిసి కాపురం చేసిన ఆమెకు తన భర్త ఏమంటున్నాడో తెలియదు. ఆ పట్టణంలో ఆమె ఎరిగినంతలో తెలుగు తెలిసినవారు లేరు. పాత ఉత్తరాల మీది చిరునామా పట్టుకొని ఊరికి ఫోను చేయగా, మిత్రుడు ఇంగ్లండులోనే ఉన్నాడని తెలిసింది. ఒక్కసారి రాగలరా అన్నది ఆమె అభ్యర్థన.

రెండు భాషలు ఎరిగిన వృద్ధులలో కొందరికి మతిమరపు వ్యాధి సోకినప్పుడు, తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, బాల్యంలో నేర్చిన భాష ఎక్కువకాలం నిలుస్తుందని వైద్యులు గమనించారు. అందరిలోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేము. కాని పరాయిదేశంలో వృద్ధులైన వలసదారుల కుటుంబాలకు ఇది పెద్ద పరీక్ష. మనిషి ఎదుటనే ఉంటాడు. అతని మాట మాత్రం అతని ఇంటివారికే అందని దూరానికి వెళ్ళిపోతుంది.

కొడుకుకు ఆసుపత్రిలో సెలవు దొరకలేదు. బడికి వేసవి సెలవులు ఇచ్చిన మరునాడు, మనుమడు దారి చూపగా మాస్టారి దంపతులు రైలెక్కారు. బర్మింగ్‌హామ్ నుంచి ప్రెస్టన్ వరకు ఒక రైలు. అక్కడ దిగి బ్లాక్‌బర్న్‌కు మరొకటి. ఏ వేదిక మీదికి ఏ బండి వస్తుందో బోర్డుల మీద చూసి, టిక్కెట్లు చూపించి, తాతకూ నానమ్మకూ కిటికీ పక్కన చోటు చూసింది ఆ పిల్లవాడే. పచ్చని కొండవాలులు, రాతిగోడల మధ్య గొర్రెలమందలు, వాటి వెనుక పాత నేతమిల్లుల ఎత్తైన పొగగొట్టాలు కనిపించసాగాయి. ఆ ప్రాంతానికీ మన దేశానికీ పాత సంబంధం ఉన్నది. లాంకషైర్ మిల్లుల బట్ట మన చేనేతను దెబ్బతీసింది. మన విదేశీవస్త్ర బహిష్కరణ వల్ల అక్కడి కార్మికులకు పని తగ్గింది. అయినా 1931 సెప్టెంబరులో గాంధీజీ బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్ళి, పని కోల్పోయిన వారి నడుమ నిలిచి తన దేశపు పేదరికాన్ని వివరించినప్పుడు, ఆ శ్రామికులు ఆయనను ఆదరంతో చుట్టుముట్టారు. ఎదురుగా నిలిచి మాట్లాడుకుంటే తెలిసే సంగతులు దూరం నుంచి తెలియవు.

డాక్టరుగారి ఇల్లు ఊరి చివర వాలు మీద ఉన్నది. ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మాస్టారి రెండు చేతులూ పట్టుకొని లోపలికి తీసుకువెళ్ళారు. కిటికీ దగ్గర కుర్చీలో తెల్లని జుట్టుతో సన్నని మనిషి కూర్చొని ఉన్నాడు. మాస్టారు ఎదురుగా నిలిచి పేరు చెప్పారు. ఆ కళ్ళలో కదలిక లేదు. ఊరి పేరు చెప్పారు. లేదు. చివరకు చిన్ననాడు పిలుచుకున్నట్లుగా, “ఒరేయ్, నేనురా, పంతుల్ని!” అన్నారు. చదువుపిచ్చి వల్ల బడిలో ఆయనకు పడిన పేరది.

మిత్రుడు తల తిప్పాడు. మాస్టారి ముఖం వైపు కాకుండా, ఆయన చేతుల వైపు చూశాడు.

“పంతులూ, కాలవకు నీళ్ళు వదిలారంట్రా?”

మాస్టారికి గొంతు పెగలలేదు. కృష్ణానది మీద విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయిననాటి నుంచీ, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతనూ, డెల్టా పల్లెలలో వేసవి చివర ప్రతి ఇంటా వినిపించే ప్రశ్న అది. నీళ్ళు వదిలితేనే నారుమళ్ళు. నారు ఎదిగితేనే నాట్లు. ఆ ప్రశ్న అడిగి వీధిలోకి పరుగెత్తిన ఇద్దరు పిల్లలలో ఒకడు ఇప్పుడు అడుగుతున్నాడు, రెండవవాడు వింటున్నాడు.

“వదిలార్రా. నిన్ననే వచ్చాయి” అన్నారు మాస్టారు.

“మరి ఈతకు రావేం?” అని మిత్రుడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందోనని ఆయన భార్య తలుపు చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

కొంతసేపటికి ఆమె ఒక నోటుపుస్తకం తెచ్చారు. ఏడాదిగా భర్త పలికిన మాటలను, తన చెవికి వినిపించిన తీరులో, ఆంగ్ల లిపిలో రాసుకున్నారామె. పక్కన తేదీ, వేళ ఉన్నాయి. అర్థం రాయవలసిన చోట ఖాళీ ఉన్నది. మాస్టారికి ఆ రాత అంతుపట్టలేదు. మనుమడు పుస్తకం అందుకొని ఒక్కొక్క మాటే పైకి చదవసాగాడు. వాడు చదివిన శబ్దాన్ని మాస్టారు సరిదిద్ది పలికేవారు. పలకగానే వాడికి అర్థమయ్యేది. వాడు ఆ అర్థాన్ని ఆంగ్లంలో ఆమెకు చెప్పేవాడు. ‘కాలవ’ అన్నది ఏదో ఊరి పేరనుకున్నానని ఆమె అన్నారు. ‘దప్పిక’ను మందు పేరుగా భావించి పాత మందుల చీటీలు వెదికారట. ‘అమ్మ’ అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. దానికి అర్థం ఆమె ముందే రాసుకున్నారు.

పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉన్నది ఒక మాట. నవంబరు నుంచి మార్చి వరకు దాదాపు ప్రతి రాత్రీ ఉన్నది. ‘చలి’ అని ఆయన పిలిచేవారని, అది ఆయన చిన్ననాటి చెల్లెలి పేరో, స్నేహితురాలి పేరో అయి ఉంటుందని, ఆ వ్యక్తి ఎవరో కనుక్కోవాలనే కోరిక తనకు చాలా ఉన్నదని ఆమె చెప్పారు.

పిల్లవాడు వెంటనే చెప్పలేదు. తాత ముఖంలోకి చూశాడు. మాస్టారు తల వంచుకున్నారు. అప్పుడు వాడు మెల్లగా, అది మనిషి పేరు కాదని, ఆయనకు చలేస్తున్నదని చెప్పాడు.

ఆమె పుస్తకం మూసి ఒడిలో పెట్టుకున్నారు. ఆమె భర్తను నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. ఆ ఇల్లు ఆమె శరీరానికి వెచ్చగానే ఉన్నది. ఆంగ్లం మాట్లాడిన రోజులలో ఆయనా అది చాలునని అనేవారు. అడగగలిగితే ఒక్క క్షణంలో తీరిపోయే అవసరం, ఒక్క మాట తెలియనందున చలికాలమంతా తీరలేదు.

మాస్టారి భార్యకు ఈ సంభాషణలో సగమే తెలిసింది. ఆ సగమే ఆమెకు చాలింది. ఆమె తన ఉన్నిశాలువ తీసి మనుమడి చేతికిచ్చి, “కప్పి రా నాన్నా” అన్నారు. జూలై నెలైనా బయట వాన పడుతున్నది. పిల్లవాడు కుర్చీ దగ్గరకు వెళ్ళి ఆంగ్లంలో అడిగాడు. సమాధానం లేదు. మళ్ళీ అడిగాడు. లేదు. వాడు ఒక క్షణం తటపటాయించి, తడబడుతూ, పలుకు కొంచెం వంకరపోగా, “చలేస్తోందా, తాతగారూ?” అన్నాడు.

“ఆఁ, చలేస్తోంది నాన్నా” అన్నాడాయన. పిల్లవాడు శాలువ కప్పాడు. ఆయన వాడి చేయి వదలలేదు.

ఆ ఇంట వారు ఐదు రోజులున్నారు. మాస్టారి భార్య వంటింట్లో చింతపండు చారు కాచి, ఎలా కాచాలో ఆ ఇల్లాలికి చేతలతో చూపించారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆవాలు చిటపటలాడే వేళ ఎప్పుడో తెలియడానికి భాష అవసరం కాలేదు. ఇదంతా చూసి వ్యాధి నయమైందని భ్రమపడకూడదు. రెండవనాడు ఉదయం మిత్రుడు మాస్టారిని పోల్చుకోలేదు. మూడవనాడు తన తండ్రి అనుకొని భయపడ్డాడు. నాలుగవనాడు ఏమీ మాట్లాడలేదు. పోయిన జ్ఞాపకాన్ని ఏ పలకరింపూ తిరిగి తేలేదు. కాని ఆయన చుట్టూ ఉన్నవారికి ఆయన అవసరం తెలిసే దారి ఒకటి ఏర్పడింది. పిల్లవాడు నోటుపుస్తకంలోని ఖాళీలన్నీ నింపాడు. ఆపైన ‘నొప్పి’, ‘నిద్ర’, ‘ఆకలి’, ‘భయం’, ‘చాలు’ మొదలైన నలభై మాటలు తాతను అడిగి రాసి, ఎలా పలకాలో ఆ ఇల్లాలికి నేర్పాడు. ఆమె ఒక్కొక్క మాట పలుకుతుంటే వాడే సరిదిద్దేవాడు. తన తండ్రి ఎన్నిసార్లు చెప్పినా నేర్వని భాషను, వాడు ఇప్పుడు మరొకరికి నేర్పుతున్నాడు.

తిరుగుప్రయాణంలో మాస్టారు వాడిని పొగడలేదు, పద్యమూ చెప్పలేదు. వాడే అడిగాడు: “తాతయ్యా, ‘దప్పిక’, ‘దాహం’ ఒకటేనా?” ఆ ప్రశ్న పూర్తిగా తెలుగులో ఉన్నది.

అక్టోబరులో స్వదేశానికి బయలుదేరే ముందు దంపతులు మనుమడితో కలిసి లండనులో రెండు రోజులు గడిపారు. బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనుక అమరావతి స్తూపపు శిలాఫలకాలు బారులు తీరి ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించగా వెలువడి, తరువాత ఓడలలో ఇంగ్లండుకు తరలిన ఆ శిల్పాలు 1880లో ఆ మ్యూజియానికి చేరాయి. తమ ఇంటికి బస్సు దూరంలో ఉన్న ఊరి రాళ్ళను చూడడానికి ఇంత దూరం రావలసి వచ్చిందని మాస్టారి భార్య నిట్టూర్చారు. అవి ఎక్కడ ఉండవలసినవన్న చర్చ అలా ఉండగా, పలకరించేవారు కరువైన బంధువుల వలె అవి ఆమెకు తోచాయి.

మరునాడు వారు కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికకు వెళ్ళారు. అక్కడ ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సమాధి ఉన్నది. కలకత్తాలో 1798లో పుట్టిన బ్రౌన్, 1817లో మద్రాసు వచ్చేనాటికి ఆయనకు తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద అక్షరాలు దిద్దుకున్నారు. 1820లో కడపకు ఉద్యోగిగా వెళ్ళారు. సొంత సొమ్ము వెచ్చించి పండితులను పోషించి, చెదలు పడుతున్న తాళపత్రాలను సేకరించి, ఎత్తిరాయించి, పరిష్కరింపజేశారు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించారు. 1852లో వెలువడిన ఆయన నిఘంటువును నేటికీ పండితులు సంప్రదిస్తారు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిన తరువాత లండనులోనే తెలుగు ఆచార్యునిగా ఉండి, 1884 డిసెంబరు 12న మరణించారు. మాస్టారికి ఆయన గ్రంథాలు చిన్ననాటి నుంచీ తోడు. కనుక ఆయనను చూడడమూ పాత మిత్రుడిని చూడడమే.

“ఆయన ఇంగ్లీషాయన కదా, తెలుగు ఎందుకు నేర్చుకున్నాడు?” అని మనుమడు అడిగాడు.

“ఉద్యోగం కోసం మొదలుపెట్టాడు. ఆ తరువాత ఆ మనుషులు ఏమంటున్నారో తెలుసుకోవాలనిపించింది” అన్నారు మాస్టారు.

పిల్లవాడు కాసేపు ఆలోచించి, “నాలాగే” అన్నాడు.

మాస్టారి దంపతులు ఊరు చేరిన తరువాత ప్రతి ఆదివారం ఫోను మోగుతున్నది. మనుమడు మొదట బ్లాక్‌బర్న్‌కు ఫోను చేసి డాక్టరుగారితో నాలుగు తెలుగు మాటలు మాట్లాడతాడు. అక్కడ అర్థం కానిది ఏదైనా ఉంటే రాసుకొని, తరువాత తాతకు ఫోను చేసి అడుగుతాడు. 2024 వానాకాలంలో ఒక ఆదివారం వాడు అడిగిన ప్రశ్న పదాల అర్థం గురించి కాదు.

“తాతయ్యా, కాలవకు నీళ్ళు వదిలారా? ఆయన అడుగుతున్నాడు.”

మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. ఫోను చేతిలో పట్టుకొనే చెప్పులు వేసుకొని, వీధి చివర కాలువగట్టు దాకా నడిచారు. కాలువ నిండుగా పారుతున్నది.

“వదిలారని చెప్పు” అన్నారు.

అర్థాలు

విశ్రాంత = ఉద్యోగ విరమణ చేసిన
పొలిమేర = ఊరి సరిహద్దు
సన్నాహం = ఏర్పాటు
ఒక పట్టాన = సులభంగా
అటక = ఇంట్లో వస్తువులు దాచే మిద్దె అర
సందె = సాయంసంధ్య
సన్నగిల్లు = క్షీణించు
అభ్యర్థన = వేడుకోలు
తటపటాయించు = సంశయించు, వెనుకముందాడు
దప్పిక = దాహం
పోల్చుకొను = గుర్తుపట్టు
ఎత్తిరాయించు = ప్రతిని చూసి నకలు రాయించు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్లాక్‌బర్న్‌లో మాస్టారికీ ఆయన మిత్రునికీ జరిగిన సమావేశాన్ని వివరించండి.
2. మనుమడు తెలుగు మాట్లాడడానికి దారితీసిన పరిస్థితులను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఒకప్పటి సీమ ప్రయాణానికీ నేటి ప్రయాణానికీ గల భేదాలేమిటి?
2. డాక్టరుగారి భార్య రాసుకున్న నోటుపుస్తకం ప్రాధాన్యాన్ని తెలపండి.
3. సి.పి. బ్రౌన్ తెలుగు భాషకు చేసిన సేవ ఎట్టిది?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వాడికి ఇక్కడ ఆ మాటతో పనేముంది?
2. పంతులూ, కాలవకు నీళ్ళు వదిలారంట్రా?
3. చలేస్తోందా, తాతగారూ?

IV. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రామానుజన్ మద్రాసులో ఓడ ఎక్కి ఎప్పుడు లండను చేరారు?
2. ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య వ్యవస్థ ఎప్పుడు ఏర్పడింది?
3. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి ఏ సంవత్సరంలో చేరాయి?